జింకకు కొమ్ములు, దుప్పికి కొమ్మలు: పెన్సిల్ పట్టుకుని జూ చూడటం ఎలా

మా బడి ప్రహరీ గోడ మీద పన్నెండేళ్ల కిందట ఒక అడవి బొమ్మ వేశాను. వేసవి సెలవుల్లో పది రోజులు నిచ్చెన మీద నిలబడి వేసిన బొమ్మ. వాగు, చెట్లు, నెమలి, వాగు గట్టున నల్లటి వీపు, తెల్లటి పొట్టతో ఒక కృష్ణజింక. దాని తల మీద చెట్టుకొమ్మల్లా చీలిన పెద్ద కొమ్ములు పెట్టాను. బడి తెరిచిన రోజు, ఐదో తరగతి పాపను దిగబెట్టడానికి వాళ్ల తాత వచ్చారు. అచ్చంపేట పక్కన, నల్లమల అంచు ఊళ్లో గొర్రెలు కాస్తూ పెరిగిన మనిషి. గోడ ముందు ఆగి, చాలాసేపు చూసి, నెమ్మదిగా అన్నారు: "టీచరమ్మా, జింకకు కొమ్మలు ఏడుంటయి? జింకకు కొమ్ములు. కొమ్మలుండేది దుప్పికి."

నాకు నోట మాట రాలేదు. డ్రాయింగ్‌లో డిప్లొమా చేశాను, క్యాలెండర్లు చూసి, పుస్తకాలు చూసి వందల బొమ్మలు వేశాను. కానీ ప్రాణమున్న జింక ముందు పది నిమిషాలు నిలబడింది లేదు. ఆ ఆదివారమే స్కెచ్ పుస్తకం తీసుకుని హైదరాబాద్ నెహ్రూ జూలాజికల్ పార్కుకు వెళ్లాను. అప్పటి నుంచి నెలకు కనీసం రెండు ఆదివారాలు బహదూర్‌పురా బస్సు ఎక్కుతూనే ఉన్నాను. పిల్లల్ని తీసుకెళ్లే అమ్మానాన్నలు, టీచర్లు "మేడం, జూలో ఏం చూపించాలి?" అని అడుగుతుంటారు. నేను చూసే పద్ధతి ఇక్కడ రాస్తున్నాను. బొమ్మలు వేయడం రాకపోయినా ఇబ్బంది లేదు. పెన్సిల్ చేతిలో ఉంటే కన్ను ఒకచోట నిలబడుతుంది, నాకు కావలసింది అంతే.

వెళ్లే ముందు

మీర్ ఆలం చెరువు పక్కన 380 ఎకరాల్లో ఉన్న జూ ఇది. 1963 అక్టోబరు 6న జనానికి తెరిచారు. 380 ఎకరాలు ఒక్కరోజులో తిరిగేద్దామని వెళితే సాయంత్రానికి కాళ్ల నొప్పులే మిగులుతాయి. పిల్లలు సింహం నిద్రపోతోందని, పులి కనబడలేదని ఏడుపు ముఖాలతో బయటికొస్తారు. అందుకని నేను పెట్టుకున్న నియమం ఒకటుంది: ఒక రాకకు నాలుగు జంతువులు. ఒక్కోదాని దగ్గర అరగంట. మిగతావి దారిలో కనిపిస్తే చూస్తాం, లేకపోతే ఇంకోసారి.

సోమవారం జూకు సెలవు. మిగతా రోజుల్లో గేటు తీయగానే లోపల ఉండాలి. పొద్దున చల్లగా ఉన్నప్పుడు జంతువులు మేత మేస్తూ, తిరుగుతూ, ఒకదాన్నొకటి తరుముకుంటూ ఉంటాయి. పదకొండు దాటిందంటే ఎండకు ఎక్కడివక్కడ పడుకుంటాయి. మధ్యాహ్నం మనమూ చెట్టు కింద డబ్బా విప్పుకుని తిని, నాలుగింటి దాకా రాత్రి జంతువులుండే చీకటి గదులు, పాదముద్రల సంగతి చూసుకోవచ్చు.

సంచిలో అరచేతికి కాస్త పెద్ద నోటుపుస్తకం, 2బి పెన్సిళ్లు రెండు, టోపీ, నీళ్లు. రబ్బరు వద్దని పిల్లలకు గట్టిగా చెబుతాను. తప్పు గీత చెరిపే లోపు జంతువు కదిలిపోతుంది. తప్పు గీత పక్కనే ఒప్పు గీత వేస్తే, తర్వాత చూసుకున్నప్పుడు కన్ను ఎక్కడ మోసపోయిందో తెలుస్తుంది. బైనాక్యులర్ ఎవరి దగ్గరైనా ఉంటే అడిగి తీసుకెళ్లండి, దూరంగా పడుకున్న జంతువు కన్ను చూడటానికి పనికొస్తుంది.

ముందు పాదాలు చూడండి

పిల్లలు ఏ జంతువునైనా తల నుంచి మొదలుపెడతారు. నేను పాదం నుంచి మొదలుపెట్టిస్తాను. పాలిచ్చే జంతువుల్లో సగం సంగతులు పాదమే చెప్పేస్తుంది.

కుక్క వెనక కాలు గీయమంటే పిల్లలందరూ ఒకటే అడుగుతారు: "టీచర్, దీని మోకాలు వెనక్కి ఎందుకు వంగింది?" అది మోకాలు కాదు. మడమ. అసలు మోకాలు పైన, పొట్ట పక్కన చర్మంలో దాగి ఉంటుంది. కుక్క, పిల్లి, పులి, తోడేలు, ఇవన్నీ మడమ పైకెత్తి వేళ్ల మీద నడుస్తాయి. దుప్పి, జింక, జిరాఫీ ఇంకో అడుగు ముందుకెళ్లి ఏకంగా గోళ్ల మీదే నడుస్తాయి. మనం గిట్ట అనేది గట్టిపడిన గోరే. ఎలుగుబంటి మాత్రం మనలాగే మడమతో సహా అరికాలు మొత్తం నేలకు ఆనిస్తుంది. ఈ మూడు రకాలూ చూపించడానికి పిల్లల్ని వరసగా నిలబెట్టి, మొదట మామూలుగా, తర్వాత మునివేళ్ల మీద నడిపిస్తాను. మునివేళ్ల మీద పది అడుగులు వేసేసరికి వాళ్లే అంటారు, ఇలా అయితే చప్పుడు రాదు, తొందరగా పరిగెత్తొచ్చు అని.

తర్వాత గోళ్లు లెక్కపెట్టండి. దుప్పికి నేలకు ఆనేవి రెండు గిట్టలు. ఖడ్గమృగానికి ఒక్కో పాదానికి మూడు వేళ్లు. నీటిగుర్రానికి నాలుగు. ఈ ఒక్క లెక్కతోనే బయటపడే విషయం ఉంది: బరువులో, రంగులో చూడటానికి దగ్గరదగ్గరగా అనిపించే ఖడ్గమృగం, నీటిగుర్రం చుట్టాలు కావు. మూడు వేళ్ల ఖడ్గమృగం గుర్రానికి దగ్గరిది. పేరులో గుర్రం ఉన్న నీటిగుర్రానికి ఆ బంధుత్వం లేదు, దాని దగ్గరి చుట్టాలు తిమింగలాలు. ఇది చెప్పినప్పుడు పిల్లల ముఖాలు చూడాలి.

పులి, చిరుత, సింహం నడిచేటప్పుడు గోళ్లు లోపలికి ముడుచుకుంటాయి. అందుకే వాటి అడుగుజాడలో గోరు గుర్తు పడదు. కుక్క, నక్క, హైనా జాడల్లో గోటి చుక్కలు కనిపిస్తాయి. వాన వెలిసిన మర్నాడు వెళితే ఎన్‌క్లోజర్ మట్టిలో ఇది కళ్లారా చూడొచ్చు. అన్నట్టు, హైనాను మనవాళ్లు దుమ్ములగొండి అంటారు. చూడటానికి కుక్కలా ఉన్నా అది పిల్లి, ముంగిస వైపు జంతువు. ముందు కాళ్లు పొడుగు, వెనక కాళ్లు పొట్టి, అందుకే వీపు వెనక్కి జారినట్టు ఉంటుంది. వెన్నుగీత ఒక్కటి సరిగ్గా వాలిస్తే చాలు, మిగతా బొమ్మ ఎలా ఉన్నా హైనా అని గుర్తుపట్టేస్తారు.

దుప్పి దగ్గర అరగంట

నేను ఎక్కువ కాలం గడిపింది ఇక్కడే, కాబట్టి కాస్త ఎక్కువ చెబుతాను.

తాత అన్న మాటలో మొత్తం శాస్త్రం ఉంది. కృష్ణజింక కొమ్ము లోపల ఎముక, పైన గోరు లాంటి పదార్థంతో తొడుగు. పుట్టాక ఒకసారి మొలిస్తే చచ్చేదాకా పెరుగుతూనే ఉంటుంది. రాలదు, చీలదు, మెలికలు తిరిగిన కడ్డీలా పైకి పోతుంది. ఆవు కొమ్మూ, మేక కొమ్మూ ఇదే రకం. మనుబోతు, అదే నీల్‌గాయ్, దానిది కూడా ఇదే. దుప్పి తల మీద ఉన్నది పూర్తిగా ఎముక. కొమ్మలుగా చీలుతుంది. ఏటా రాలిపోతుంది, మళ్లీ మొలుస్తుంది. కణుజుదీ అదే తీరు. జింకకు కొమ్ములు, దుప్పికి కొమ్మలు. దీర్ఘంలో తేడా లేదు, ఒత్తులో తేడా లేదు, ఒక్క ఉకారం తేడాతో తెలుగు ఈ రెండు కుటుంబాలనీ విడదీసి చూపించినట్టుంది నాకు.

ఇప్పుడు అందరూ దుప్పిని "మచ్చల జింక" అంటున్నారు. తెలంగాణ రాష్ట్ర జంతువు అదే. ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర జంతువు కృష్ణజింక. రెండు రాష్ట్రాల పిల్లలూ తమ జంతువు పేరు పరీక్షల్లో రాస్తారు. ఆ రెంటినీ పక్కపక్కన పెట్టి గీయించడం కంటే మంచి పాఠం నాకు తెలియదు. "మచ్చల జింక" అనే మాట నాకు నచ్చదని కూడా చెప్పాలి. దుప్పి అన్న చక్కని మాట ఉన్నప్పుడు దాన్ని ఎందుకు వదులుకోవాలి?

మంద కనిపించగానే మగవి ఎన్నో లెక్కపెట్టండి. కొమ్మలు మగ దుప్పికే ఉంటాయి. పెద్ద మగదానికి ఒక్కో వైపు సాధారణంగా మూడు మొనలు. మన దగ్గర దుప్పులన్నీ ఒకే నెలలో కొమ్మలు రాల్చవు, ఒక్కో మగది ఒక్కో సమయంలో రాలుస్తుంది. అందువల్ల ఏ నెలలో వెళ్లినా మూడు దశలూ దొరికే వీలుంది. ఒకదానికి గట్టిపడిన, కొసలు తెల్లగా మెరిసే కొమ్మలు. ఇంకోదానికి లేత కొమ్మలు, మెత్తటి నూగు చర్మం కప్పుకుని, మొనలు గుండ్రంగా, ముట్టుకుంటే వెచ్చగా ఉంటాయేమో అనిపించేలా. నిజంగానే ఆ చర్మంలో నెత్తురు పారుతుంటుంది, ఎముక పెరగడానికి తిండి దాని నుంచే అందుతుంది. మరొకదాని తల మీద ఏమీ ఉండదు, కొమ్మ ఊడిన చోట రెండు గుండ్రటి మొటిమలు. కొత్తవాళ్లు దాన్ని ఆడదనుకుంటారు.

ఒకసారి నా కళ్లముందే ఒక మగ దుప్పి ఎండిన నూగు చర్మాన్ని చెట్టు మొదలుకు రుద్దుకుంటోంది. చర్మం పీలికలు పీలికలుగా చెవి పక్కన వేలాడుతోంది, కింద కొమ్మ ఎర్రగా తడిగా ఉంది. పక్కన నిలబడ్డ ఒకావిడ "అయ్యో, దెబ్బ తగిలింది, ఎవరినైనా పిలవండి" అని కంగారుపడ్డారు. అది గాయం కాదని, పెరగడం అయిపోయాక జరిగేదేనని చెప్పేసరికి ఆవిడా నాతో పాటు ఇరవై నిమిషాలు కదలకుండా నిలబడి చూశారు.

పడుకున్న దుప్పి దొరికితే ఇంకా అదృష్టం. దాని గొంతు మీద చూపు పెట్టండి. నెమరు వేసే జంతువు కదా, కాసేపు నమిలి మింగుతుంది. ఒకటి రెండు క్షణాలు ఆగుతుంది. అప్పుడు మెడ కింద నుంచి ఒక ఉండ గొంతు వెంట పైకి ఎక్కి రావడం చర్మం మీద స్పష్టంగా కనిపిస్తుంది. నోట్లోకి రాగానే మళ్లీ నమలడం మొదలు. ఒక ఉండను ఎన్నిసార్లు నమిలిందో పిల్లల చేత లెక్క రాయించండి. అల్లరి చేసే పిల్లలు కూడా ఈ లెక్క దగ్గర కుదురుగా కూర్చోవడం నేను చాలాసార్లు చూశాను.

కృష్ణజింకలో రంగు చూడాలి. పిల్లలూ ఆడవీ లేత గోధుమ రంగు. మగది వయసు పెరిగే కొద్దీ ముదురుతూ నల్లబడుతుంది. కంటి చుట్టూ తెల్లటి వలయం, కంటి ముందు నల్లటి చీలిక. ఆ చీలిక కన్నీటి చార కాదు, వాసన గ్రంథి. దాన్ని పుల్లలకు రుద్ది తన చోటని గుర్తు పెడుతుంది. మగది ముక్కు ఆకాశానికి ఎత్తి, కొమ్ములు వీపు మీదికి వాల్చి, చెవులు కిందికి వేసి మెల్లగా నడుస్తుంటే ఆడదాని ముందు దర్పం చూపిస్తోందన్నమాట. ఆ భంగిమ పది సెకన్లే ఉంటుంది. పెన్సిల్ సిద్ధంగా పెట్టుకోండి.

ఏనుగుకు వెంట్రుకలు

పాలిచ్చే జంతువు అంటే ఒంటి మీద వెంట్రుకలు ఉండాలి, పిల్లకు పాలివ్వాలి. "మరి ఏనుగుకు వెంట్రుకలేవి టీచర్?" అని అడుగుతారు. దూరం నుంచి కనబడవు. ఎండ ఏటవాలుగా పడే పొద్దున, ఏనుగు సూర్యుడికీ మనకీ మధ్యన ఉన్నప్పుడు చూడండి. నెత్తి మీదా, వీపు మీదా పలుచగా నిలబడ్డ వెంట్రుకలు వెలుగులో మెరుస్తాయి. తోక చివర తీగల్లాంటి నల్లటి కుచ్చు ఉంటుంది. ఆ తోక వెంట్రుకతోనే ఉంగరాలు చేసి అమ్మేవాళ్లు. అలాంటివి కొనడం వన్యప్రాణి చట్టం కింద నేరం, ఇది పిల్లలకు అక్కడే చెప్పేస్తాను. నీటిగుర్రానికి మూతి మీద, ఖడ్గమృగానికి చెవుల అంచునా తోక చివరా వెతకండి. దొరుకుతాయి.

ఆడ ఏనుగు పొదుగు ఎక్కడుంటుందో అడిగితే అందరూ వెనక కాళ్ల మధ్య అంటారు, ఆవును చూసిన అలవాటు. ఏనుగుకు ముందు కాళ్ల మధ్య, ఛాతీ దగ్గర రెండే చన్నులు. గున్న తొండం పక్కకు మడిచి నోటితోనే పాలు తాగుతుంది.

తొండం కొసను గమనించండి. మన ఏనుగుకు కొసన పైవైపు ఒకే ఒక వేలు లాంటి మొన. ఆఫ్రికా ఏనుగుకు రెండు. మన ఏనుగు ఆ ఒక్క వేలితో నేల మీద ఉన్న సన్నటి గడ్డి పరకను కూడా ఏరుతుంది. ఒకసారి ఏనుగు గడ్డి మోపును తొండంతో చుట్టి, ముందు కాలికేసి రెండుసార్లు కొట్టి, మట్టి దులిపి నోట్లో పెట్టుకుంది. మా అమ్మ తోటకూర కట్టను తొట్టి అంచుకు దులిపే తీరు అదే. ఆ రోజు నేను గీసిన బొమ్మ కింద ఆ మాటే రాసుకున్నాను.

పాదం కొలతతో ఎత్తు చెప్పే పాత లెక్క ఒకటుంది. ఏనుగు ముందు పాదం చుట్టుకొలతకు రెండింతలు వేస్తే దాదాపు భుజం ఎత్తు వస్తుంది. బొమ్మలో ఈ కొలత పాటిస్తే ఏనుగు ఏనుగులాగే నిలబడుతుంది. పాతబస్తీ వాళ్లకు ఈ జూ ఏనుగులంటే ఇంకో బంధం కూడా ఉంది. బోనాల ఊరేగింపులోనూ, మొహర్రం బీబీ కా ఆలం ఊరేగింపులోనూ నడిచిన రజని ఇక్కడి ఏనుగే.

పులులు, సింహాలు

వీటి దగ్గరే జనం ఎక్కువ, గోల ఎక్కువ. ముందుగా వెళ్లి చూసేయండి, లేదా జనం భోజనాలకు వెళ్లినప్పుడు వెళ్లండి.

ఇక్కడ ఆసియా సింహాలున్నాయి. అడవిలో ఇవి గుజరాత్ గిర్ ప్రాంతంలోనే మిగిలాయి, 2025 లెక్కల్లో 891 తేలాయి. సినిమాల్లో, క్యాలెండర్లలో కనిపించేది ఎక్కువగా ఆఫ్రికా సింహం. తేడా పట్టడానికి రెండు చోట్లు: జూలు, పొట్ట. ఆసియా మగ సింహానికి నెత్తి మీద జూలు పలుచన, అందుకని చెవులు బయటికి కనిపిస్తాయి. పొట్ట కింద పొడుగునా చర్మం మడత వేలాడుతూ ఉంటుంది. అది లావు వల్ల కాదు, ఆ జాతి లక్షణం. 1974లో మొదలైన లయన్ సఫారీలో బస్సు కిటికీ నుంచి పక్కవాటంగా కనిపించినప్పుడు ఈ మడత బాగా దొరుకుతుంది. 2021 మే నెలలో ఈ జూలోనే ఎనిమిది సింహాలకు కోవిడ్ సోకింది. ఆ వార్త విని మా పిల్లలు పడ్డ బాధ చెప్పలేను. అవి కోలుకున్నాయని తెలిసి మళ్లీ జూ తెరిచాక మొదట అక్కడికే పరిగెత్తారు.

పులి వెనక్కి తిరిగి పడుకుందని నిరాశపడొద్దు. చెవుల వెనక చూడండి. నల్లటి చెవికి నడుమ తెల్లటి మచ్చ, కన్నులాగా. ముందు నుంచి చూసినవాళ్లకు అది కనబడదు. కంటిపాప కూడా గమనించాలి. ఇంట్లో పిల్లికి వెలుగులో పాప నిలువు గీతలా సన్నబడుతుంది. పులి, సింహం, చిరుతలకు గుండ్రంగానే ఉండి చిన్నదవుతుంది. దుప్పి కన్నుకు అడ్డంగా ఉంటుంది, తల తిప్పకుండానే చుట్టూ చూడటానికి.

చిరుత మచ్చలు పువ్వుల్లా ఉంటాయి, మధ్యలో ఖాళీ. జాగ్వార్ మచ్చల మధ్యలో చిన్న చిన్న చుక్కలు కూడా ఉంటాయి, తల పెద్దది, కాళ్లు పొట్టి. తెల్లపులి గురించి అడుగుతారు కాబట్టి చెబుతున్నాను. అది వేరే జాతి కాదు, మంచు దేశపుదీ కాదు. మన బెంగాల్ పులిలోనే అరుదైన జన్యువు తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండూ చేరితే పుట్టేది. 1951లో రీవా మహారాజు పట్టించిన మోహన్ అనే పిల్ల నుంచే జూలలో తెల్లపులుల వంశం పెరిగింది. దగ్గరి చుట్టాల మధ్య జత కట్టించడం వల్ల మెల్లకన్ను లాంటి లోపాలు వీటిలో వస్తుంటాయి. అందం సరే, ఈ మాట కూడా పిల్లలకు తెలియాలి.

ఎలుగుబంటి

ఎలుగుబంటిని గీసేటప్పుడు మనిషిని గీసినట్టే గీయమంటాను. అరికాలు మోపి నడుస్తుంది, వెనక కాళ్ల మీద నిలబడుతుంది. మన ఎలుగుకు ఛాతీ మీద తెల్లటి గుర్రపు నాడా గుర్తు, పొడుగాటి బూడిదరంగు మూతి, చింపిరి వెంట్రుకలు. హిమాలయ నల్ల ఎలుగుకు కూడా ఛాతీ గుర్తు ఉంటుంది గానీ దాని వెంట్రుకలు నున్నగా, మూతి పొట్టిగా, చెవులు గుండ్రంగా నిలబడి ఉంటాయి.

మన ఎలుగు నోరు తెరిస్తే పైదవడ ముందు వైపు రెండు పళ్లు ఉండవు. పళ్లు ఊడిపోయాయని కాదు, పుట్టుకతోనే అంతే. ఆ సందులోంచి గాలి లాగి, పుట్టలోని చెదపురుగుల్ని పీల్చేస్తుంది. ముక్కు రంధ్రాలు మూసుకోగలదు, మట్టి లోపలికి పోకుండా. ఆ పీల్చే చప్పుడు గొట్టంతో నీళ్లు లాగినట్టు దూరానికి వినబడుతుంది. తల్లి పిల్లల్ని వీపు మీద ఎక్కించుకుని తిరుగుతుంది, ఆ చింపిరి వెంట్రుకలు పిల్లలకు పట్టుకోవడానికి. మా చిన్నప్పుడు ఎలుగును ఆడించేవాళ్లు వీధిలోకి వచ్చేవాళ్లు, ముక్కుకు తాడు కట్టి. ఆ తాడు పడే చోటే, ఆ మెత్తటి మూతి, దానికి బతుకుదెరువు. ఇప్పుడు ఆ ఆట మన దేశంలో లేదు. నాకు అదొక పెద్ద ఊరట.

మిగతావి తొందరగా

జిరాఫీ మెడలో ఎముకలు ఏడే, మన మెడలోనూ ఏడే. నడకలో ఒకవైపు కాళ్లు రెండూ దాదాపు కలిసి కదులుతాయి, దూరం నుంచే అలలా ఊగినట్టుంటుంది. నీటిగుర్రం నీళ్లలో ఉంటే కన్ను, చెవి, ముక్కు మూడూ ఒకే గీత మీద పైకి కనబడతాయి, ఆ గీత వేసుకుని బొమ్మ మొదలుపెట్టండి. గట్టు మీదికి వచ్చినప్పుడు ఒంటి మీద ఎర్రటి జిగురు కనిపిస్తే నెత్తురని భయపడొద్దు, ఎండ నుంచి చర్మాన్ని కాపాడే ద్రవం. ఖడ్గమృగం కొమ్ములో ఎముక ఉండదు, మన గోళ్లలో ఉండే పదార్థమే. దాని చెవులు రెండూ విడివిడిగా తిరుగుతాయి. ఒక చెవి మన వైపు, ఇంకోటి వెనక దారి వైపు.

కోతుల దగ్గర ఒక్క పని చేయండి: తోక ఉందో లేదో, ఉంటే ఎంత పొడుగో చూడండి. జూ చెట్ల మీద తిరిగే బయటి కోతులతో కూడా ఈ ఆట ఆడొచ్చు.

చీకటి గది

రాత్రి తిరిగే జంతువుల కోసం ఒక ఇల్లు కట్టారు. పగలు లోపల చీకటి, రాత్రి దీపాలు, అలా వాటి పొద్దును తిప్పేశారు. మనం వెళ్లే వేళకు అవి మేలుకుని ఉంటాయి. తప్పు చేసేది మనమే. ఎండలోంచి వచ్చి అర నిమిషం చూసి "ఏమీ లేదు" అని బయటికి వచ్చేస్తాం. మన కళ్లు చీకటికి అలవాటు పడటానికి పది నిమిషాలైనా పడుతుంది. లోపలికి వెళ్లి గోడ పక్కన మాట్లాడకుండా నిలబడండి. ఫోన్ వెలుగు ఒక్కసారి కళ్లలో పడితే మళ్లీ మొదటికే.

అప్పుడు ఒక్కొక్కటే తేలుతాయి. దేవాంగపిల్లి కొమ్మ మీద చేయి ముందుకు చాపి, పట్టు దొరికాక గానీ వెనక చేయి వదలదు. అంత నెమ్మది. కళ్లు రెండు గోళీల్లా ఉంటాయి. పునుగుపిల్లి, తిరుమల స్వామికి పూసే పునుగు తైలం దీనిదేనంటే పిల్లలు నమ్మరు. ఏదుపంది ముళ్లు కూడా వెంట్రుకలే, గట్టిపడి ముళ్లయ్యాయి. కోపం వస్తే వాటిని నిక్కబొడుచుకుని గలగలలాడించి వెనక్కి దూసుకొస్తుంది. ముళ్లు విసురుతుందనేది కథ. గబ్బిలాలు తలకిందులుగా వేలాడుతూ రెక్క చాపినప్పుడు చూడండి: రెక్కలో నాలుగు వేళ్ల ఎముకలు గొడుగు కమ్మీల్లా కనిపిస్తాయి. ఎగిరే పాలిచ్చే జంతువు అదొక్కటే.

నాకు ఈ జూ అంటే గౌరవం కలిగించింది మాత్రం జరిణిపంది. మూషిక జింక అని కూడా అంటారు. పేరులో పంది ఉన్నా, జింక ఉన్నా అది రెండూ కాదు. ఎత్తు ఒక అడుగులోపే, బరువు మూడు కిలోల చుట్టూ. కొమ్ములూ లేవు, కొమ్మలూ లేవు. బదులుగా మగదానికి పైదవడ నుంచి సన్నటి కోరలు. 2010లో ఈ జూ, హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ వాళ్ల లాకోన్స్ ప్రయోగశాల కలిసి వీటిని ఇక్కడ పెంచడం మొదలుపెట్టాయి. 2017 నుంచి ఇక్కడ పుట్టినవాటిని నల్లమలలోని అమ్రాబాద్ అడవిలోకి వదిలారు. ఈ సంగతి చెప్పినప్పుడు తాత కళ్లు పెద్దవి చేసి, "మా అడివికి పట్నం నుంచి పోయినయా?" అన్నారు.

ఇంకొన్ని మాటలు

అద్దం కొట్టడం, రాళ్లు విసరడం, తిండి వేయడం వద్దని బోర్డులు ఉంటాయి. అది మర్యాద మాత్రమే కాదు, 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో 38-జె సెక్షన్ కింద జూ జంతువుల్ని ఏడిపించడం నేరం. మీ పక్కన ఎవరైనా చేస్తుంటే గొడవ పెట్టుకోకుండా దగ్గర్లో ఉన్న కీపర్‌కు చెప్పండి. కీపర్లతో ఓపిగ్గా మాట్లాడండి కూడా. ఏ జంతువు ఏ వేళకు బయటికొస్తుందో వాళ్లకు తెలిసినంత ఎవరికీ తెలియదు.

ఏదైనా జంతువు ఒకే గీత మీద అటూ ఇటూ ఆగకుండా తిరుగుతుంటే, పిల్లలు దాన్ని చూసి నవ్వుతుంటే, ఆపి చెప్పండి. మూసిన చోట ఉండే ఒత్తిడికి అదొక గుర్తు. నేను అలాంటిది చూసినప్పుడు బొమ్మ వేయను. ఎంతసేపు, ఏ వేళ అని పుస్తకంలో రాసుకుంటాను. మళ్లీ వెళ్లినప్పుడూ అలాగే ఉంటే కీపర్‌ని అడుగుతాను.

ఇంటికి వచ్చిన రాత్రే పుస్తకం తీసి, ప్రతి బొమ్మ పక్కన తేదీ, వేళ, ఎండా మబ్బా, జంతువు ఏం చేస్తోంది అని నాలుగు మాటలు రాయించండి. మర్నాటికి మరిచిపోతారు.

మా బడి గోడ మీది జింక తల ఆ ఏడాదే సరిచేశాను. ఇప్పుడు దానికి మెలికల కొమ్ములు, కంటి చుట్టూ తెల్లటి వలయం. వాగుకు ఈ పక్కన కొత్తగా మూడు మగ దుప్పులు వచ్చాయి. ఒకదానికి గట్టి కొమ్మలు, ఒకదానికి నూగు కొమ్మలు. మూడోదాని బోడి తల మీద రెండు మొటిమలు. ఆ మూడోది వేసింది తాత మనవరాలు, పదో తరగతి చివరి రోజున.